పిలవని పది పడవలు

పోయిన వారం మనం వీరదుర్గను బందరులో ఆఫీసు మెట్ల మీద వదిలేసి వచ్చాం. చేతిలో పై అధికారి గిరిధర్ సార్ ఇచ్చిన, పనిలోకి రావద్దన్న కాగితం, వెనక మూసుకున్న తలుపు. సముద్రం మీద గాలి లేస్తుందని తెలిస్తే ఎనిమిది ఊళ్ళ పడవలకు పేరుపేరునా ఫోన్లు వెళ్ళేలా చూసే ఆఫీసు అది. ఆ పడవల జాబితా ఆరేళ్ళుగా వీరదుర్గ చేతిలో ఉంది. సోమవారం తెల్లవారేసరికి గాలి లేచింది. దివిసీమ కొసన ఉన్న సొర్లగొంది నుంచి వేటకు వెళ్ళిన పదకొండు పడవల్లో ఒక్కదానికే కబురు అందింది. మిగతా పదీ గాలిలో చిక్కాయి. మనుషులందరూ ఒడ్డుకు చేరారు గానీ వలలు పోయాయి, రెండు పడవలు విరిగాయి. వీరదుర్గకు తమ్ముడి వరసయ్యే శ్రీను కాలు, పడవకూ ఇసుకమేటకూ మధ్య పడి నలిగిపోయింది.

ఆ పది పేర్లనూ శనివారం సాయంత్రమే ఎవరో జాబితాలోంచి తీసేశారు. తీసిన మనిషి పేరు వీరదుర్గ అని కంప్యూటరు చెబుతోంది. ఆమె తీయలేదు.

ఇవాళ గురువారం. సాయంత్రం నాలుగింటికి గిలకలదిండి రేవులో, వలల షెడ్డు కింద, ఎనిమిది ఊళ్ళ పెద్దలూ కూర్చుంటున్నారు. ఆ పని వీరదుర్గే చేసిందని వాళ్ళు తేల్చుకుంటే ఉద్యోగం ఎటూ పోతుంది, అది పోనీ. ఇకమీదట గాలి వస్తోంది వెనక్కి తిరగండర్రా అని ఆమె నోటితో ఎంత మొత్తుకున్నా ఒక్క పడవ తిరగదు. ఆమె భయమంతా అదే.

అందుకే పొద్దున్నే గుడివాడ వెళ్ళే ప్యాసింజరు ఎక్కింది.

ఒకప్పుడు ఆమె రోజూ ఎక్కిన బండే అది. పద్నాలుగేళ్ళు నెత్తిన చేపల బుట్టతో ఎక్కింది. పెట్టెలో పాతవాళ్ళే ఉన్నారు. తలుపు పక్కన బుట్ట మీద గోనెపట్టా సర్దుకుంటూ పోలమ్మ తలెత్తింది.

"ఏమే దుర్గా, బుట్ట లేకుండా బండెక్కావు? కంప్యూటరమ్మవి, మా పక్కన కూర్చుంటే కంపు కొట్టమూ?"

"కొట్టండి. ఆ వాసన తగిలితేనే నాకు బండెక్కినట్టుంటుంది."

పోలమ్మ జరిగి చోటిచ్చింది. కాసేపు కిటికీలోంచి చూసింది. చివరికి ఉండబట్టలేక అంది. "ఊళ్ళో ఏదేదో అనుకుంటున్నారు. నేను మాత్రం నమ్మలేదు సుమా."

"సంతోషం."

"నమ్మలేదనుకో." గొంతు తగ్గించింది పోలమ్మ. "అయినా, నువ్వేనా?"

వీరదుర్గకు నవ్వొచ్చింది. మూడు రోజుల్లో అదే మొదటి నవ్వు. మొహం మీద అది ఎలా కనిపించిందో గానీ పోలమ్మ మళ్ళీ ఏమీ అడగలేదు.

గుడివాడలో ఎవరి ఇంటికి వెళ్తోందో వీరదుర్గ పోలమ్మకు చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. తన లాగిన్‌కు ఉన్న రహస్యపు మాట ఈ లోకంలో తనకు కాక ఇంకొక్క మనిషికే తెలుసు. ఆ మనిషి యశస్విని.

యశస్విని రెండేళ్ళ కిందట చదువు అవగానే ఆ ఆఫీసులో చేరింది. చేరిన వారానికే వీరదుర్గను పిన్నీ అంది. మధ్యాహ్నం వీరదుర్గ క్యారియరులో రెండు గిన్నెలు తెచ్చేది, ఒకటి తనకు, ఒకటి ఆ పిల్లకు. చేపల ఇగురు తిని ఎరగని ఇంట్లో పుట్టిన పిల్లకు ముల్లు తీసి తినడం నేర్పింది. అందుకు బదులుగా ఆ పిల్ల ఆమెకు తెర సరిచేసి ఇచ్చింది.

ఆ తెర సంగతి చెప్పాలి. వీరదుర్గ అక్షరాలు నేర్చుకున్నది ముప్పై నాలుగో ఏట, సాయంకాలపు బడిలో, తనకంటే చిన్న పంతులమ్మ దగ్గర. అప్పటిదాకా ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా వేలిముద్ర వేసేది. అలా వేసిన ఒక ముద్రతోనే మరుదులు ఆమె వాటా ఇంటి స్థలం రాయించుకున్నారు. అక్షరం వచ్చాక మళ్ళీ తన చేతిని ఇంకొకరు నడపకూడదని ఒట్టు పెట్టుకుంది. ఆఫీసులో బొమ్మలు నొక్కే కంప్యూటరు ఆమెకు అంతుపట్టలేదు. ఏ బొమ్మ వెనక ఏముందో ఎవరికి తెలుసు? టెర్మినల్ అనే నల్ల తెర మాత్రం నచ్చింది. అందులో బొమ్మల్లేవు, రాతే. రాసింది జరుగుతుంది, రాయనిది జరగదు. రెండు వేళ్ళతో ఒక్కో అక్షరం కొట్టి, పెదవులు కదుపుతూ ఒకసారి చదువుకుని, అప్పుడు ఎంటర్ నొక్కేది. ఆరేళ్ళలో ఒక్క పొరపాటు లేదు. ఆ తెర మీద తెలుగు ఒత్తులు విరిగి విడివిడిగా కనిపిస్తుంటే రెండు రోజులు కూర్చుని యశస్వినే బాగుచేసింది. పిన్ని చదువుకోవాలి కదా అంది.

ఎనిమిది నెలల కిందట ఆ నల్ల తెరలోకి ఏఐ అసిస్టెంటును తెచ్చారు. మామూలు తెలుగులో మన పని చెబితే, దానికి కావలసిన కమాండు అదే రాసి చూపిస్తుంది. నడపమంటారా అని అడుగుతుంది. మిగతావాళ్ళు అవును అవును అని నొక్కుకుంటూ పోయేవారు. వీరదుర్గ మాత్రం ఇదేం చేస్తుందో చెప్పు అని అడిగి, చెప్పింది మొత్తం చదివి, అప్పుడు సరే అనేది. అది ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేది. "దానికున్న ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు" అనేది వీరదుర్గ. ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వింది యశస్వినే.

గుడివాడ స్టేషను నుంచి ఆటోలో వెళ్ళి తలుపు కొట్టింది. వాళ్ళమ్మ వసుంధర తీసింది. మొహం విప్పారింది.

"రండి దుర్గగారూ, రండి! మా పిల్లకు ఒంట్లో బాగాలేదని సెలవు పెడితే చూడ్డానికి ఇంత దూరం వచ్చారా? ఏమే యశా, మీ పిన్ని వచ్చారే!"

లోపలి గదిలో మంచం మీద యశస్విని లేచి కూర్చుంది. జడ వేసుకోలేదు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వీరదుర్గ వెళ్ళి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. వంటింట్లో గ్రైండరు తిరగడం మొదలుపెట్టాక నోరు విప్పింది.

"తెరువు."

"ఏంటి పిన్నీ?"

"నల్ల తెర. నా పేరు మీద ఉన్నది ఆఫీసులో మూసేశారు. నీకు అందరి పేర్ల మీదవీ తెరుచుకుంటాయి కదా. శనివారం సాయంత్రానిది తెరువు."

"అందులో ఏముంటుంది? సార్ చూపించారుగా. నీ పేరే…"

"సార్ చూపించింది ఒక్క వరస. తీసేసిన వరస. దానికి ముందు మాటలు జరిగుంటాయి. అది అడక్కుండా ఏదీ తియ్యదు. అడిగే ఉంటుంది. ఏం అడిగిందో, ఎవరేం చెప్పారో చూస్తాను."

యశస్విని చేయి ల్యాప్‌టాప్ మీదకు వెళ్ళి ఆగింది. "పిన్నీ, వద్దు."

"తెరువమ్మడూ."

తెరిచింది. నల్లగా వెలిగిన తెరను వీరదుర్గ తన వైపు తిప్పుకుంది. చూపుడువేలు వరస కింద పెట్టి, అలవాటు కొద్దీ పైకే చదివింది. మొదట ఎవరో రాసిన పని ఉంది. ఒకే ఫోను నంబరు మళ్ళీ మళ్ళీ వచ్చిన చోట ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్యమని. దాని కింద అసిస్టెంటు చెప్పిన జవాబు.

"ముప్పై ఏడు చోట్ల నంబర్లు తిరిగి వచ్చాయి. ముప్పై ఆరు చోట్ల పడవ పేరు కూడా ఒకటే, కాబట్టి అవి రెండోసారి పొరపాటున చేరినట్టున్నాయి. కానీ సొర్లగొందిలో ఒక్క నంబరు మీద పదకొండు వేరువేరు పడవలు ఉన్నాయి. ఇది పొరపాటు కాకపోవచ్చు. ఒకే మనిషి పదకొండు పడవలకు కబురు చెప్పే ఏర్పాటేమో. పైగా ఈ ఫైలు మొదట్లో, మార్చేముందు వీరదుర్గకు చెప్పాలి అని రాసి ఉంది. మీరు వీరదుర్గ గారేనా? ఈ పదకొండూ నిజంగా వేరు పడవలేనా? తెలిసేదాకా వీటిని ముట్టుకోను."

వీరదుర్గ వేలు అక్కడ కాసేపు ఆగింది. తన ఊరు చూడనిది, సముద్రం చూడనిది, సరిగ్గా అడగాల్సిన మాట అడిగింది. ఒక వరస కిందికి జరిపింది.

"నేనే వీరదుర్గను. అన్నీ ఒకటే. తీసెయ్యి."

చదివింది. మళ్ళీ చదివింది. మూడోసారి పెదవులే కదిలాయి. సమయం శనివారం సాయంత్రం అయిదూ నలభై. ఆ వేళకు తను ఇంట్లో ఒంటరిగా బట్టలు ఉతుక్కుంటోంది.

వేలిముద్రల రోజుల్లో కూడా ఇంత అన్యాయం జరగలేదనిపించింది. అప్పుడు కనీసం తన వేలు పట్టుకుని సిరాలో ముంచేవారు. ఎందుకు ముంచుతున్నారో తెలియకపోయినా ముంచుతున్నట్టు తెలిసేది. ఇప్పుడు తను ఇంట్లో ఉండగా, తన పేరు ఇంకొకరి నోట్లోంచి వచ్చి, నేనే అంది.

"నువ్వేనా?" అంది. పొద్దున పోలమ్మ అడిగినట్టే ఉంది ఆ అడగడం.

యశస్విని తలూపింది.

"నోటితో చెప్పు."

"నేనే పిన్నీ. కావాలని కాదు. ఆదివారం విజయవాడ నుంచి మన పని చూడ్డానికి మనుషులు వస్తున్నారని సార్ రెండు రోజుల నుంచి ఒకటే గొడవ. జాబితా శుభ్రంగా ఉండాలన్నారు. నీ లాగిన్‌లోనే కదా జాబితా మార్చేది, అందులో కూర్చుని మొదలుపెట్టాను. అది ఆగిపోయి ఇది అడిగింది. ఆరున్నరకు నాకు బండి. ఒక్క నంబరుకు ఒక్క ఫోను వెళ్తే చాలు కదా, ఆ ఫోనెత్తినవాళ్ళే పదకొండు పడవలకూ చెప్పేస్తారు కదా అనుకున్నాను."

"నాకు ఫోను చెయ్యొచ్చు కదే. ఒక్క ఫోను."

"చేస్తే ఏమంటావో తెలుసు."

"ఏమంటాను?"

"ఆగు అమ్మడూ, నన్ను చదవనీ అంటావు." ఇన్ని రోజులు బిగబట్టుకున్నదేదో ఒక్కసారిగా తెగినట్టు గొంతు పెంచింది. "ప్రతిసారీ అంతేగా! రెండు నిమిషాల పనికి గంట. నువ్వు ఒక్కో వరస కింద వేలు పెట్టుకుని చదివేసరికి నా బండి వెళ్ళిపోతుంది. ప్రతి శనివారం నీకోసం కూర్చుంటున్నాను పిన్నీ, ఎన్నాళ్ళని…"

తను ఏమన్నదో అన్నాక తెలిసింది ఆ పిల్లకు. చేత్తో నోరు మూసుకుంది.

వీరదుర్గ తెర మీద నుంచి వేలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ వేలిని ఇంకెవరైనా ఎగతాళి చేసుంటే ఆమెకు లెక్క లేదు. బజారులో, బ్యాంకులో ఎంతమంది నవ్వలేదు గనక. కానీ ఈ పిల్ల పక్కన కూర్చుని, ఆ వేలు ఒక వరస దాటినప్పుడల్లా శభాష్ పిన్నీ అనేది. ఆ శభాష్ అంటూనే గడియారం చూసుకునేదన్నమాట.

"రామలక్ష్మి సంగతి చెప్తాను విను," అంది నెమ్మదిగా. "శ్రీను పెళ్ళాం. ఆ నంబరు దానిదే. మన ఫోన్లు సముద్రం మీద పనిచెయ్యవు. ఊళ్ళో వైర్‌లెస్ సెట్టు దాని ఇంట్లోనే ఉంది, మిట్ట మీద ఇల్లు కాబట్టి. అందుకని పదకొండు పడవలవాళ్ళూ దాని నంబరే ఇచ్చారు. మనం ఏ పడవ పేరు చెబితే ఆ పడవను అది సెట్టులో పిలుస్తుంది."

"అవును, అందుకే ఒక్క ఫోను…"

"విను. పదకొండు పడవలూ ఒక చోట ఉండవు. ఒకటి నాచుగుంట వైపు, ఒకటి ఇంకా లోపలికి. ఒక చోట గాలుంటే ఇంకో చోట ఉండదు. మూడేళ్ళ కిందట ఒక్క పేరు వస్తే అది భయపడి అందరినీ పిలిచేసింది. గాలి లేని చోట ఉన్నవాళ్ళు కూడా వేట వదిలి వచ్చేశారు. ఊళ్ళో కొట్టుకున్నంత పని అయింది. అప్పుడు పెద్దలు కట్టడి చేశారు. పేరు వచ్చిన పడవనే పిలవాలి, పేరు రాని పడవను పిలవకూడదు అని. ఊరి కట్టడి అంటే ఏంటో నీకు తెలీదు. దాటితే దాని ఇంటికి నిప్పు కూడా ఇవ్వరు."

యశస్విని రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుంది.

"సోమవారం తెల్లారగట్ట దానికి ఫోనొచ్చింది. సాగరలక్ష్మి అని పడవ పేరు వినిపించింది. ఇది సెట్టులో పిలిచింది. ఆ పడవ తిరిగొచ్చింది. ఇంకో పేరు వస్తుందేమోనని ఫోను చేతిలో పెట్టుకుని సెట్టు ముందు కూర్చుంది. రాలేదు. తన మొగుడి పడవ పేరు రాలేదని, అక్కడ గాలి లేదని, ఆ పిల్ల దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుందట. సెట్టు దాని చేతిలో ఉంది. నోరు తెరిచి శ్రీనూ అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. మనం చెప్పలేదని అనలేదు."

గ్రైండరు ఆగింది. యశస్విని ఏడుపు వినపడుతుందని దిండు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకేమన్నా ఉందా?" అడిగింది వీరదుర్గ. "ఉంటే ఇప్పుడే చెప్పు. బయటివాళ్ళ దగ్గర వింటే నేను తట్టుకోలేను."

దిండు వెనక నుంచి మాట వచ్చింది. "మంగళవారం సార్ అందరి దగ్గరా కాగితం రాయించుకున్నారు. నీ లాగిన్ మాట ఇంకెవరికైనా తెలుసా అని. నాకు తెలీదని రాసిచ్చాను."

"సంతకం పెట్టావా?"

"పెట్టాను."

వీరదుర్గ ఆ గది గోడ వైపు చూసింది. పిల్లకు బహుమతిగా వచ్చిన షీల్డులు వరసగా ఉన్నాయి. తన లాగిన్ మాట ఈ పిల్లకు ఎప్పుడు చెప్పిందో గుర్తొచ్చింది. చేరిన కొత్తలో ఒక వానరోజు, తను జ్వరంతో రాలేక, ఇంటి తాళంచెవి పక్కింటి పిల్లకు ఇచ్చినట్టే ఫోనులో చెప్పింది. రాసుకోవద్దు అమ్మడూ, గుర్తుపెట్టుకో అంది. గుర్తుపెట్టుకుంది మరి.

వసుంధర పెసరట్లతో వచ్చింది. పిల్ల మొహం చూసి, "మళ్ళీ ఏడుపా? మూడు రోజుల నుంచి ఇదే వరస దుర్గగారూ, ఏమిటే అంటే చెప్పదు. మీరైనా అడగండి. మీ మాటైతే వింటుంది. ఆ బందరులో మీరు లేకపోతే మా పిల్ల ఏం తినేది, ఎక్కడుండేది, నాకు దిగులే ఉండదు మీరున్నారంటే" అంది.

వీరదుర్గ పళ్ళెం అందుకుంది. "అల్లం బాగా తగిలించారండీ" అంది. ముక్క తుంచింది గానీ నోట్లో పెట్టుకోలేదు. ఇప్పుడే, ఇక్కడే, ఈ తల్లికి చెప్పేయవచ్చు. చెప్పలేదు. ఆ పిల్ల చేత తల్లి ముందు కాదు, రామలక్ష్మి ముందు చెప్పించాలి. చెప్పగలిగింది ఆ పిల్ల ఒక్కతే. తెర మీద మాటలు తీసుకెళ్ళి పెద్దల ముందు పెడితే ఏముంటుంది? నేనే వీరదుర్గను అని ఉంటుంది. తన మెడకు తనే ఉరి తగిలించుకున్నట్టు ఉంటుంది.

వసుంధర చట్నీకి లోపలికి వెళ్ళగానే యశస్విని కళ్ళు తుడుచుకుంది.

"వస్తాను పిన్నీ."

"ఎక్కడికి?"

"షెడ్డు దగ్గరికి. నేనే చెప్తాను. నువ్వు అడక్కముందే రావాల్సింది. వస్తాను. సార్ ఏమన్నా సరే."

వీరదుర్గ ఆ మొహంలోకి చాలాసేపు చూసింది. చూసి, నమ్మింది. నమ్మడం ఆమెకు కొత్తగా నేర్చుకోవాల్సిన విద్య కాదు.

మధ్యాహ్నం బండికి ఇద్దరూ ఎక్కారు. ఆఫీసులో తొందర పని వచ్చిందని తల్లికి చెప్పింది యశస్విని. ఎండ ఏటవాలుగా పెట్టెలోకి పడుతోంది. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో ల్యాప్‌టాప్ సంచీ. గుడ్లవల్లేరు దాటాక యశస్విని అడిగింది.

"నన్ను ఏం చేస్తారు పిన్నీ?"

"ఏం చేస్తారు. అరుస్తారు. మా ఊరి పెద్ద అప్పయ్య మావ కర్ర నేలకేసి కొడతాడు, అది ఆయన అలవాటు, భయపడకు. నిజం చెప్పినదాని మీద మావాళ్ళు చెయ్యి చేసుకోరు. నీ పక్కన నేనుంటాను."

"రామలక్ష్మిగారు?"

"అది ఏడుస్తుంది. అది ఏడుస్తుంటే నువ్వు నిలబడాలి. కష్టం అదొక్కటే."

యశస్విని ఆమె భుజం మీద తల ఆనించింది. వీరదుర్గ జరగలేదు. కోపం పోలేదు. ఆ బరువు మాత్రం అలవాటైన బరువు.

కవుతరంలో బండి ఆగి ఉండగా వీరదుర్గ ఫోను మోగింది. రామలక్ష్మి. బండి చప్పుడుకు వినపడక స్పీకరు పెట్టింది.

"వదినా." ఆ పిల్ల గొంతులో ఏడుపు కూడా లేదు, ఎండిపోయింది. "మోకాలి కిందికి తీసేశారు వదినా. ఇప్పుడే బయటికొచ్చి చెప్పారు. ఆయనకింకా తెలివి రాలేదు. లేచాక చెప్పాలంట. నేను చెప్పాలంట."

"వస్తున్నానే తల్లీ. వస్తున్నాను."

"సాయంత్రం మీటింగుకు నేనూ వస్తన్నా. ఆ పేరు తీసిన చెయ్యి ఎవరిదో చూడాలి నేను. ఒక్కసారి చూడాలి."

ఫోను ఆగిపోయింది. భుజం మీది తల ఎప్పుడు లేచిందో వీరదుర్గ గమనించలేదు. తిరిగి చూసేసరికి యశస్విని కిటికీ ఊచలు పట్టుకుని బయటకు చూస్తోంది.

"వింటున్నావా అమ్మడూ?"

"విన్నాను."

వడ్లమన్నాడు దాటింది. పెడనలో బండి ఆగింది. "గొంతు ఎండిపోతోంది పిన్నీ, నీళ్ళ సీసా తెస్తాను" అంటూ లేచింది. వీరదుర్గ కొంగు ముడి విప్పి చిల్లర తీసేలోపే దిగిపోయింది. ఎదురు సీటు ముసలాయన బండి ఇక్కడ రెండు నిమిషాలే ఆగుతుందమ్మా అని హెచ్చరించాడు కూడా. వస్తుందండీ అంది వీరదుర్గ.

బండి కూత వేసింది. కుదుపుతో కదిలింది. వీరదుర్గ కిటికీలోంచి తల బయటకు పెట్టి, "యశా! బండి కదిలింది, ఎక్కవే!" అని అరిచింది.

ప్లాట్‌ఫారం మీద సిమెంటు బల్ల ఉంది. దాని మీద యశస్విని కూర్చుని ఉంది. చేతిలో నీళ్ళ సీసా లేదు. ఒళ్ళో సంచీ ఉంది, రెండు చేతులా పట్టుకుని ఉంది. అరుపు వినపడింది, వినపడనట్టు లేదు, మెడ ఇటు తిరిగింది. పరుగెడితే అందుతుంది. నాలుగు అడుగుల దూరం. లేవలేదు. పిన్ని ఉన్న కిటికీ తన ముందు నుంచి వెళ్ళేటప్పుడు తల దించుకుంది.

బండి వేగం అందుకుంది. పెడన ఇళ్ళు వెనక్కి జారిపోయాయి. వీరదుర్గ సీటులోకి వచ్చి పడింది. పక్కన సంచీ లేదు. అది తీసుకునే దిగిందని ఇప్పుడు తెలిసింది. నీళ్ళ సీసాకు వెళ్ళేవాళ్ళు ల్యాప్‌టాప్ మోసుకుని వెళ్ళరు. శనివారం ఆ పిల్ల చేసింది తొందరపాటు అనుకోవచ్చు. మంగళవారానిది భయం అనుకోవచ్చు. ఇప్పుడిది ఏమనుకోవాలో ఆమెకు తోచలేదు.

"ఆ అమ్మాయి మీ కూతురాండీ?" ముసలాయన జాలిగా అడిగాడు.

ఏదో చెప్పబోయింది. ఫోను మళ్ళీ మోగింది. ఈసారి అప్పయ్య, సొర్లగొంది పెద్ద, సాయంత్రం అందరి ముందూ అడగబోయే మనిషి. ఆయన అరవడం లేదు. అరవకపోవడానికే భయం వేసింది వీరదుర్గకు.

"దుర్గమ్మా, ఎక్కడున్నావు?"

"పెడన దాటాను మావా. నాలుగింటికి అక్కడుంటాను."

"మీ సార్ ముందే వచ్చి కూర్చున్నాడు. ఇందాక ఏదో కాగితం అచ్చేయించి తెచ్చాడు. ఆ కంప్యూటరు నిన్ను అడిగిందంట కదా, నువ్వు వీరదుర్గవేనా అని. నేనే అని నువ్వు రాశావంట. చదివి వినిపించాడు. షెడ్డులో అందరూ విన్నారు. రామలక్ష్మి బందరు ఆస్పత్రి నుంచి అప్పుడే వచ్చింది, అదీ వింది."

వీరదుర్గ కళ్ళు మూసుకుంది.

"నిన్ను నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును," అన్నాడు అప్పయ్య. "అందుకని ఇక్కడ మొదలెట్టకముందు నేనే అడుగుతున్నా. ఆ మాట రాసింది నువ్వు కాదని చెప్పేవాళ్ళు ఒక్కరున్నా తీసుకురా. ఉన్నారా ఎవరన్నా?"

"ఉంది మావా," అంది వీరదుర్గ. "పెడనలో దిగిపోయింది."